డిస్కు నిండినప్పుడు పాత ఫైలు మిగులుతుందా? ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక వేలం షెడ్డుకు కాటా లెక్కల ప్రోగ్రాం రాసిచ్చింది నేనే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ షెడ్డు మూసే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2022లో నిషేధం ముగిసి బోట్లు మొదటి వేట నుంచి తిరిగొచ్చిన రోజు, ఇంకా తెల్లవారకముందే గుమస్తా గారు ఫోన్ చేశారు. "అమ్మా, కోనాం ధర మార్చి సేవ్ నొక్కాను. చేపల పేర్లన్నీ పోయాయి. కాటా మీద సరుకు ఉంది" అన్నారు.

అల్లిపురం నుంచి హార్బర్‌కు వెళ్లి చూశాను. ధరల ఫైలు ఉంది, పేరు ఉంది, తేదీ ఉంది. పరిమాణం మాత్రం సున్నా బైట్లు. డిస్కు నిండిపోయింది. పాత బ్యాకప్ నుంచి ధరలు తిరిగి ఎక్కించేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ చేపలు ఐసులో, కొనేవాళ్లు ఎండలో ఉన్నారు.

డిస్కు నిండితే కొత్త ధర రాయలేకపోవడాన్ని నేను తప్పు అనుకోను. చోటు లేనప్పుడు ఎవరూ రాయలేరు. నిన్నటి ధర ఎందుకు పోయింది అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. అందుకే ఈ పరీక్షలో "లోపం వచ్చిందా" అని ఒక్కసారి చూస్తాను, "అంతకుముందు ఉన్నది అలాగే ఉందా" అని పదిసార్లు చూస్తాను. ఆ పరీక్షను ఏ లినక్స్ కంప్యూటర్‌లోనైనా చేసుకునే విధానం ఇక్కడ చెబుతున్నాను. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటి జాగ్రత్త: మీ అసలు డిస్కును నింపి చూడవద్దు. మీరు నింపుతున్నప్పుడు మీ ప్రోగ్రాం ఒక్కటే ఇబ్బంది పడదు. లాగ్‌లు, బ్రౌజరు, లాగిన్ కూడా ఇబ్బంది పడతాయి. ఏది ఎవరి వల్ల చెడిందో తేల్చలేరు. ఒక ఫైలునే చిన్న డిస్కుగా మార్చుకోవాలి.

దానికి 64 మెగాబైట్ల ఫైలు చాలు. ఫాలొకేట్ కమాండుకు -ఎల్ 64ఎం అని ఇచ్చి, చివర ఫైలు పేరు పెట్టండి. ట్రంకేట్ కమాండుతో కూడా ఫైలు తయారవుతుంది, పైగా క్షణంలో అవుతుంది. కానీ అది పేరుకే 64 మెగాబైట్లు, కింద నిజమైన బ్లాకులు, అంటే డిస్కులోని చోటు ముక్కలు, కేటాయించి ఉండవు. అసలు డిస్కులో చోటు తక్కువగా ఉంటే, లోపలి చిన్న ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్కులో అమర్చే ఏర్పాటు) తనకు ఖాళీ ఉందని నమ్మి రాస్తుంది, కింద ఆ చోటు దొరకదు. అప్పుడు మీరు చూసేది డిస్కు నిండినప్పటి ప్రవర్తన కాదు, డిస్కు చెడిపోయినప్పటి ప్రవర్తన. రెండూ వేరు. అందుకే ఫాలొకేట్ వాడమంటున్నాను.

తర్వాత, లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను తయారు చేసే ఎంకేఎఫ్ఎస్ డాట్ ఈఎక్స్‌టీ4 కమాండును, పెద్ద -ఈ తో నోడిస్కార్డ్ అని ఇచ్చి, ఆ ఫైలు మీద నడపండి. అది ఇవ్వకపోతే ఫాలొకేట్ కేటాయించిన బ్లాకులను ఈ కమాండు వదిలేస్తుంది. ఎంటర్ నొక్కే ముందు పేరు రెండుసార్లు చదవండి. పొరపాటున అసలు డిస్కు పేరు ఇస్తే ఈ కమాండు మీ ఇల్లు తుడిచేస్తుంది. ఆ పైన ఒక ఖాళీ ఫోల్డరు చేసి, మౌంట్ కమాండుకు -ఓ లూప్ ఇచ్చి ఆ ఫైలును అక్కడ తగిలించండి. మౌంట్ చేసిన ఫోల్డరు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పేరు మీద ఉంటుంది కాబట్టి సీహెచ్ఓన్ కమాండుతో దాన్ని మీ మామూలు యూజర్‌కు అప్పగించండి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేసి, అన్నీ సుడోతో, అంటే రూట్ అధికారంతో, నడిపేస్తారు. అసలు రహస్యం అక్కడే ఉంది. నా తప్పు నాకు దొరకకుండా మూడు రోజులు తిప్పింది కూడా అదే.

ఈఎక్స్‌టీ4 తయారు చేసేటప్పుడు, వేరే చెప్పకపోతే, మొత్తం బ్లాకుల్లో 5 శాతాన్ని రూట్ కోసం పక్కన పెడుతుంది. మామూలు యూజర్‌కు డిస్కు నిండినా, రూట్ పేరు మీద నడిచే ముఖ్యమైన సేవలు ఇంకా కాస్త రాసుకోగలగాలని ఆ ఏర్పాటు. 64 మెగాబైట్లలో అది సుమారు 3 మెగాబైట్లు. షెడ్డులో ఉన్న 32 గిగాబైట్ల డిస్కులో దాదాపు 1.6 గిగాబైట్లు. మిగిలిన చోటును చూపే డీఎఫ్ కమాండు "అందుబాటులో సున్నా" అని చూపించినప్పుడు నిజానికి ఆ చోటు ఇంకా మిగిలే ఉంటుంది. అది మీది కాదు, అంతే.

ఇప్పుడు షెడ్డులో జరిగింది చూడండి. రాత్రి బ్యాకప్‌ను రూట్ పేరు మీద పెట్టాను. అది రోజూ ఒక పూర్తి ప్రతి తీస్తుంది. పాతవి తీసేయమని నేను దానికి చెప్పలేదు. నిషేధం నెలల్లో ధరలను ఎవరూ ముట్టుకోలేదు గానీ బ్యాకప్ ప్రతి రాత్రీ నడిచింది. మామూలు చోటు అయిపోయాక కూడా రూట్ కాబట్టి ఆగకుండా, పక్కన పెట్టిన 5 శాతంలోకి జరిగింది. ధరల ప్రోగ్రాం మాత్రం మామూలు యూజర్ పేరు మీద నడుస్తుంది. గుమస్తా గారు సేవ్ నొక్కగానే నా ప్రోగ్రాం పాత ఫైలును తెరిచి, ముందు దాన్ని ఖాళీ చేసి, ఆ తర్వాత కొత్త ధరలు రాయబోయింది. ఖాళీ చేసినప్పుడు 20 కిలోబైట్లు విడుదలయ్యాయి. కానీ అవి నాకు తిరిగి రాలేదు. మొత్తం ఖాళీ ఇంకా రూట్ వాటా కంటే తక్కువే ఉంది కాబట్టి, నేను వదిలిన చోటు ఆ వాటా లోటును పూడ్చడానికి పోయింది. ఖాళీ చేయడం జరిగింది, రాయడం జరగలేదు. సున్నా బైట్లు.

దీన్ని చిన్న డిస్కులో తిరిగి సృష్టిద్దాం. మీ ప్రోగ్రాం రాసే ఫైలును మౌంట్ చేసిన ఫోల్డరులో పెట్టండి. అక్కడున్న ఫైళ్లన్నిటికీ ఎస్‌హెచ్ఏ256సమ్ కమాండుతో లెక్క (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు) తీసి, ఆ జాబితాను చిన్న డిస్కు బయట దాచండి. లోపల దాస్తే నిండినప్పుడు దానికీ చోటు ఉండదు.

మొదటి విడత: మామూలు యూజర్‌గా నింపండి. డేటాను కాపీ చేసే డీడీ కమాండుకు సున్నాల పరికరాన్ని (డెవ్ ఫోల్డరులోని జీరో) మూలంగా ఇచ్చి, చిన్న డిస్కులో ఒక ఫైలుకు రాయించండి, ఎంత రాయాలో మాత్రం చెప్పకండి. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని తనంతట తానే ఆగుతుంది. డీఎఫ్ చూడండి: అందుబాటులో సున్నా. ఇప్పుడు మీ ప్రోగ్రాంలో ఫైలును అంతే పరిమాణంలో మార్చి సేవ్ చేయండి. ఖాళీ చేసి రాసే ప్రోగ్రామైనా ఇక్కడ చాలాసార్లు గట్టెక్కుతుంది, ఎందుకంటే తాను వదిలిన బ్లాకులే తనకు దొరుకుతాయి. నేను మొదటి రెండు రోజులు ఇక్కడే ఆగిపోయాను. పరీక్ష నెగ్గుతోంది, షెడ్డులో ఫైలు పోయింది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను.

రెండో విడత: సుడోతో ఇంకో డీడీ నడిపి, ఒక్క మెగాబైటు మాత్రం రాయించండి. డీఎఫ్ ఇప్పుడూ సున్నానే చూపిస్తుంది, బయటికి ఏమీ మారలేదు. కానీ రూట్ తన వాటాలోంచి ఒక మెగాబైటు తినేసింది. మళ్లీ మామూలు యూజర్‌గా సేవ్ చేయండి. ఈసారి పాత ఫైలు పోతుంది. ఎల్ఎస్ -ఎల్ తో చూస్తే సున్నా కనిపిస్తుంది. మూడో రోజు రాత్రి ఆ సున్నా నా ముందు తెర మీద కనిపించినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంకా గుర్తుంది. కారణం దొరికిన తప్పును దిద్దుకోవచ్చు.

మూడో విడతను నేను తర్వాత చేర్చాను, అది కూడా చేయండి. పూర్తిగా కాకుండా 8 కిలోబైట్లు మిగిలేలా నింపి, 20 కిలోబైట్ల కొత్త ఫైలు రాయించండి. ఇది నిండు డిస్కు కంటే కఠినమైన పరీక్ష. రైట్ అనే సిస్టమ్ కాల్‌కు (ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే పిలుపు) మీరు పెద్ద ముక్క ఇచ్చినప్పుడు చోటు కొంతే ఉంటే, అది ఆ కొంత రాసి, ఎన్ని బైట్లు రాసిందో చెప్పి తిరిగొస్తుంది. లోపం అనదు. మిగతాది రాయమని మళ్లీ అడిగినప్పుడే లోపం వస్తుంది. తిరిగొచ్చిన సంఖ్య రుణాత్మకమా కాదా అని మాత్రమే చూసే ప్రోగ్రాం సగం ఫైలును పూర్తి ఫైలుగా నమ్ముతుంది. సున్నా బైట్ల ఫైలు కనీసం వెంటనే కంటికి కనిపిస్తుంది. సగం ఫైలులో కోనాం ధర ఉండి రొయ్య ధర లేకపోతే ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది?

ఆ లోపం పేరు ఈఎన్ఓఎస్‌పీసీ, లినక్స్‌లో దాని సంఖ్య 28. కోటా పెట్టిన చోట్ల, మీ వాటా అయిపోయినప్పుడు 122 వస్తుంది, పేరు ఈడీక్వాట్. రెంటినీ ఒకేలా పట్టుకోవాలి. ఫైళ్ల మార్పులను గమనించే ఐనోటిఫై కూడా, గమనించగలిగే ఫైళ్ల పరిమితి దాటితే 28నే ఇస్తుంది. డిస్కులో బోలెడు చోటు ఉండగా 28 కనబడితే అది కూడా గుర్తుపెట్టుకోండి.

లోపం ఎక్కడ బయటపడుతుందో చూడటం ఇంకో పని. సీ భాషలోనైనా పైథాన్‌లోనైనా మీరు "రాయి" అన్న వెంటనే అక్షరాలు కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి, చేరవు. ముందు ప్రోగ్రాం లోపలి బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, చేరతాయి. చిన్న ఫైలైతే మొత్తం అక్కడే ఉంటుంది. రాయడం విజయవంతం అని తెర మీద వేసి, ఫైలు మూసేటప్పుడు వచ్చిన లోపాన్ని వదిలేసే ప్రోగ్రాంలు నేను ఎన్నో చూశాను. దీన్ని పరీక్షించడానికి డిస్కు కూడా అక్కర్లేదు. లినక్స్‌లో డెవ్ ఫోల్డరులో ఫుల్ అనే పరికరం ఉంది. దానిలో ఏది రాసినా "చోటు లేదు" అంటుంది. మీ ప్రోగ్రాం అవుట్‌పుట్‌ను దానిలోకి మళ్లించి, ముగిశాక ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం వదిలి వెళ్లే ఫలిత సంఖ్య, సున్నా అంటే విజయం) చూడండి. సున్నా వచ్చిందంటే ఆ ప్రోగ్రాం మీకు అబద్ధం చెప్పింది. ఒక్క నిమిషం పరీక్ష ఇది. ఇంకేదీ చేయలేకపోయినా ఇది చేయండి.

నెట్‌వర్కు మీద ఎన్ఎఫ్ఎస్ లాంటి పద్ధతిలో వేరే కంప్యూటర్ డిస్కుకు రాసేవాళ్లకు ఇంకా జాగ్రత్త అవసరం. అక్కడ రైట్ అంతా సవ్యంగా ముగిసి, ఎఫ్‌సింక్ (రాసినదాన్ని డిస్కుకు చేర్చమనే కాల్) దగ్గరో క్లోజ్ (ఫైలు మూసే కాల్) దగ్గరో లోపం రావచ్చు. ఆ రెండు కాల్స్ ఇచ్చే జవాబును చదవాల్సిందే.

ఇక దిద్దుబాటు. పాత ఫైలును ముట్టుకోకూడదు. అదే ఫోల్డరులో తాత్కాలిక పేరుతో కొత్త ఫైలు తెరవండి, మొత్తం రాయండి, ఎఫ్‌సింక్ చేయండి, మూయండి, ప్రతి మెట్టులో జవాబు చూడండి. అన్నీ సవ్యంగా జరిగితేనే రీనేమ్‌తో పాత పేరు మీదికి మార్చండి, ఆ తర్వాత ఫోల్డరుకు కూడా ఎఫ్‌సింక్ చేయండి. మధ్యలో ఎక్కడ చోటు అయిపోయినా పాత ఫైలు చెక్కుచెదరదు. తాత్కాలిక ఫైలు అదే ఫోల్డరులో ఎందుకంటే, వేరే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే రీనేమ్ కుదరదు. ఫైళ్లను జరిపే ఎంవీ కమాండు అప్పుడు చెప్పకుండా కాపీ చేయడం మొదలుపెడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. రాయడం విఫలమైతే తాత్కాలిక ఫైలును తీసేయడం మరవకండి. నేను తొలి దిద్దుబాటులో అది మరిచాను. సేవ్ నొక్కిన ప్రతిసారీ ఒక అరకొర ఫైలు మిగిలి, ఉన్న కాస్త చోటూ అవే తినేశాయి. మూడు విడతలూ మళ్లీ నడిపి, బయట దాచిన జాబితాతో ఎస్‌హెచ్ఏ256సమ్ -సీ చేయండి. ప్రతి పాత ఫైలుకూ సరే అని రావాలి. తర్వాత చిన్న డిస్కును విప్పి, మళ్లీ తగిలించి ఇంకోసారి చూడండి. మెమరీలో ఉన్నదాన్ని చూసి డిస్కులో ఉందనుకునే పొరపాటు అప్పుడు జరగదు.

బైట్లు మిగిలి ఉండి కూడా చోటు లేదనే సందర్భం ఒకటుంది. ప్రతి ఫైలుకూ ఒక ఇనోడ్ (ఫైలు వివరాలు రాసుకునే పట్టీ) కావాలి, ఈఎక్స్‌టీ4లో వాటి సంఖ్య తయారీ రోజే ఖాయమవుతుంది. మామూలు డిస్కుల్లో 16,384 బైట్లకు ఒకటి చొప్పున ఉంటాయి, అంటే 32 గిగాబైట్లకు సుమారు 20 లక్షలు. కాటా ప్రతి తూకానికీ ఒక చిన్న ఫైలు రాస్తే ఏళ్ల మీద ఇవి అయిపోవచ్చు. పరీక్షకు ఎంకేఎఫ్ఎస్‌లో పెద్ద ఎన్‌తో 200 అని ఇచ్చి చిన్న డిస్కు చేయండి, ఖాళీ ఫైళ్లు సృష్టిస్తూ పోండి. అదే 28 వస్తుంది. డీఎఫ్ చూస్తే చోటు ఉంటుంది, డీఎఫ్ -ఐ చూస్తే నూరు శాతం నిండి ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక: నేను పైన చెప్పిన తాత్కాలిక ఫైలు పద్ధతికి కొత్త ఇనోడ్ కావాలి, కాబట్టి ఈ స్థితిలో సేవ్ జరగదు. జరగకపోవడమే సరైన ఫలితం, పాతది ఉంటుంది.

డిస్కును ఖాళీ చేశాక ఏం జరుగుతుందో కూడా చూడాలి. ప్రోగ్రామును ఆపకుండా, నింపిన ఫైళ్లను తీసేసి, మళ్లీ సేవ్ నొక్కండి. కొన్ని ప్రోగ్రాంలు ఒకసారి విఫలమయ్యాక మళ్లీ మొదలుపెట్టే దాకా రాయవు. తెల్లవారుజామున బోటు జెట్టీకి ఆనుకుని ఉండగా ఎవరు మళ్లీ మొదలుపెడతారు? ఇంకో సంగతి, ఫైలును తీసేసినా, దాన్ని ఏదైనా ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉంటే చోటు తిరిగి రాదు. ఫైళ్ల పరిమాణాలను కూడే డీయూ లెక్కకూ డీఎఫ్ లెక్కకూ పొంతన కుదరనప్పుడు ఎల్ఎస్ఓఎఫ్ కమాండుకు ప్లస్ ఎల్1 (ఎల్ పెద్ద అక్షరం) ఇస్తే, పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లు బయటపడతాయి.

డేటాబేస్ వాడేవాళ్లు ఇవే మెట్లు దాని ఫోల్డరును చిన్న డిస్కులో పెట్టి చేయవచ్చు. ఎస్‌క్యూలైట్ తన 13వ సంఖ్య లోపంతో, అంటే "నిండింది" అని, జవాబిస్తుంది. దాన్ని పట్టుకుని ఆ లావాదేవీని వెనక్కి తిప్పారా లేదా చూడండి. మైఎస్‌క్యూఎల్ చోటు దొరికే దాకా ఆగి, నిమిషానికోసారి చూస్తూ ఉంటుంది, కాబట్టి మీ తెర బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఫైళ్లు (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) ఉండే చోటు నిండితే సర్వరే ఆగిపోవచ్చు. నింపి చేరుకోలేని మూలలు ఉంటే సిస్టమ్ కాల్స్‌ను గమనించే స్ట్రేస్ కమాండులోని ఇంజెక్ట్ (కావాలని లోపం పుట్టించే) సదుపాయంతో, ఉదాహరణకు మూడో రైట్‌కు మాత్రమే ఈఎన్ఓఎస్‌పీసీ వచ్చేలా చేయవచ్చు. నేను దీన్ని చివర్లో వాడతాను, ముందు కాదు. నిజమైన నిండు డిస్కు చూపించినన్ని సంగతులు అది చూపించదు. రూట్ వాటా మెలిక దానితో నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

మీ అసలు కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ సిస్టమ్ మీదే పరీక్షించండి. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ ఇనోడ్లను అవసరాన్ని బట్టి పుట్టిస్తుంది, కాబట్టి 200 ఇనోడ్ల పరీక్ష అక్కడ ఈ రూపంలో చెల్లదు. కొత్త వెర్షన్లలో అది 300 మెగాబైట్లకు తక్కువ డిస్కును ఒప్పుకోదు కూడా. బీటీఆర్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ అయితే ఒక గిగాబైటు ఫైలుతో మొదలుపెట్టండి. అది ఉన్న బ్లాకు మీద రాయదు, ప్రతి మార్పునూ కొత్త చోట రాస్తుంది, కాబట్టి ఫైలు తీసేయడానికి కూడా దానికి కాస్త చోటు కావాలి. డేటాకూ మెటాడేటాకూ (ఫైళ్ల గురించిన వివరాలకు) చోటు విడివిడిగా కేటాయిస్తుంది, ఒకటి మిగిలి ఉండగా ఇంకోటి నిండవచ్చు. అక్కడ డీఎఫ్‌ను నమ్మకుండా దాని సొంత యూసేజ్ కమాండు చూడండి. కుదింపు పెట్టి ఉంటే సున్నాలతో నింపడం కుదరదు, అవి నలిగి దాదాపు ఏమీ లేకుండా పోతాయి. డెవ్ ఫోల్డరులో యాదృచ్ఛిక బైట్లు ఇచ్చే యూరాండమ్ పరికరం నుంచి డేటా తీసుకోండి.

పని చేసే మనిషికి తెర మీద ఏం కనిపిస్తుందో కూడా పరీక్షలో భాగమే. నా ప్రోగ్రాంలో మొదట "లోపం 28" అని వచ్చేది. గుమస్తా గారికి దానితో ఏం పని? ఇప్పుడు "డిస్కులో చోటు లేదు. కొత్త ధర ఎక్కలేదు. పాత ధరలు అలాగే ఉన్నాయి" అని వస్తుంది. మూడు వాక్యాల్లో చివరిది నిజమని మూడు విడతల్లో తేల్చుకున్నాకే దాన్ని తెర మీద పెట్టాను. బ్యాకప్ కూడా ఇప్పుడు చివరి పది ప్రతులే ఉంచుతుంది.

ముగించేటప్పుడు చిన్న డిస్కు ఫోల్డరులోంచి బయటికి వచ్చి అన్‌మౌంట్ చేయండి. "టార్గెట్ ఈజ్ బిజీ" అంటే మీ ప్రోగ్రామో, ఇంకో టెర్మినలో ఇంకా లోపలే ఉందని అర్థం, దాన్ని ముందు మూయండి. ఆ పైన ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ నడిపి ఫైల్ సిస్టమ్ శుభ్రంగా ఉందో చూడండి. తర్వాత 64 మెగాబైట్ల ఫైలును తీసేయవచ్చు. నేను మాత్రం తీసేయను. నింపిన స్థితిలోనే ఒక ప్రతి దాచి, ప్రోగ్రాంలో సేవ్ చేసే భాగాన్ని మార్చిన ప్రతిసారీ దాన్నే తగిలించి పరీక్ష నడుపుతాను.